గరిటెడు పులిసిన పిండి

రాజోలు లాకుల దగ్గర, కాలవగట్టు మీద మరియరత్నం అనే ఆవిడ ఒంటరిగా ఉండేది. ఊళ్లో ఎవరికీ రాని రొట్టె విద్య ఆవిడ చేతిలో ఉండేది గానీ, దాన్ని గోరంతైనా ఇంకొకరికి ఇచ్చే గుణం మాత్రం ఉండేది కాదు.

ఆ విద్య ఆవిడకి ఊరికే రాలేదు. భర్త పోయాక ముప్పై ఎనిమిదో ఏట కువైట్ వెళ్లి, పదిహేడేళ్లు ఒక ఇటలీ ఇంజనీరు గారింట్లో వంటమనిషిగా పనిచేసింది. ఆ ఇంట్లో ఇంజనీరు తల్లి ఉండేది. ఇంటిల్లిపాదీ ఆ ముసలావిడని "నోన్నా" అనేవాళ్లు, అంటే నాయనమ్మ. నోన్నాకి తెలుగు రాదు, మరియరత్నానికి ఇటలీ భాష రాదు. ఇద్దరికీ వచ్చిన నాలుగు అరబ్బీ ముక్కలు ఉప్పు, నీళ్లు, ఇక చాలు అనడానికే సరిపోయేవి. అయినా ముసలావిడ ఈవిడ చేతుల మీద తన చేతులు వేసి, తమ దేశపు రొట్టె ఎలా చేయాలో నేర్పింది.

ఆ రొట్టె మన బేకరీ రొట్టెలా మెత్తగా, తియ్యగా ఉండదు. పైన చెట్టు బెరడులా గట్టిగా ఉంటుంది. లోపల కన్నాలు కన్నాలుగా, కాస్త పుల్లగా ఉంటుంది. అందులో పంచదార పడదు, పాలు పడవు, కొట్లో కొన్న ఈస్టు కూడా పడదు. పులిసిన పిండిముద్ద ఒకటే దాన్ని పొంగిస్తుంది. ఆ ముద్దని సీసాలో పెట్టి, రోజూ కాస్త పిండీ కాసిని నీళ్లూ పెట్టి పెంచుతారు. దాన్ని వాళ్లు "మాద్రే" అంటారు, అంటే అమ్మ. ఎన్ని రొట్టెలు చేసినా ఆ అమ్మలోంచి కొంచెం తీసి చేయడమే. తిండి పెట్టినన్నాళ్లూ అది బతుకుతుంది, మరిచిపోతే చచ్చిపోతుంది.

ప్రతి శుక్రవారం నోన్నా ఆ ముద్దలోంచి రెండు గిన్నెలు తీసి, పై అంతస్తుల్లో ఉన్న రెండిళ్లకి పంపేది. మోసేది మరియరత్నమే. "ఎవరిది వాళ్లకి ఉంది కదా, ఈ ముసలావిడకి ఎందుకింత చాకిరీ" అని మనసులో విసుక్కునేది. పదిహేడేళ్లు ఆ మెట్లు ఎక్కింది, దిగింది, ఎందుకని మాత్రం ఒక్కసారి కూడా అడగలేదు.

మరియరత్నం ఇంటికి తిరిగివచ్చే రోజున నోన్నా ఆ ముద్దలో కొంత ఎండబెట్టి, గుడ్డలో మూటగట్టి ఈవిడ చేతిలో పెట్టింది. ఏదో చెప్పబోయి ఏడ్చింది. ఆ మాటలు అర్థం కాకపోయినా మరియరత్నం కూడా ఏడ్చింది. మరుసటి ఏడే ముసలావిడ పోయిందని ఫోను వచ్చింది.

రాజోలు వచ్చి చూసుకుంటే తనవాళ్లనేవాళ్లు ఎవరూ మిగల్లేదు. తల్లి పోయింది. పిల్లలు ముందే లేరు. వీధిలో అందరూ ఆవిడని "కువైటావిడ" అనేవాళ్లు, అసలు పేరు ఎవరికీ గుర్తులేదు. మొదటి వారం బేకరీలో రొట్టె కొనుక్కుంది. చేపల పులుసులో ముంచితే అది బెల్లం తిన్నంత తియ్యగా ఉండి, ముద్దయి గిన్నెలోకి జారిపోయింది. ఆ రోజు పులుసు ముందు కూర్చుని, తను ఇక్కడి మనిషీ కాదు, అక్కడి మనిషీ కాదు అనుకుని చాలాసేపు బాధపడింది.

మర్నాడే తాపీమేస్త్రీని పిలిచి, పెరట్లో పాత ఇటుకలతో, మట్టితో ఒక గూటి పొయ్యి కట్టించుకుంది. మూట విప్పి, ఎండు పిండి నానబెట్టి, మైదా పెట్టి సాకింది. ఐదో రోజుకి అది బుడగలు వేసి పొంగింది. మరియరత్నం ఆ సీసాని గుండెలకి అదుముకుంది. ఎండలు ముదిరాక పిండి మరీ పులిసిపోతుందని సీసాని ఫ్రిజ్‌లో పెట్టడం మొదలుపెట్టింది. రోజూ పొద్దున్నే మూత తీసి "ఏమ్మా, ఆకలేసిందా?" అని అడిగేది. ఆ ఇంట్లో ఆవిడ నోరు విప్పి పలకరించేది ఆ సీసా ఒక్కదాన్నే.

బుధవారం పిండి కలిపి తడిగుడ్డ కప్పేది. గురువారం పొద్దున కొబ్బరి డొక్కలతో పొయ్యి మండించి, నిప్పులు పక్కకి నెట్టి, ముద్దని లోపలికి తోసేది. కాలాక బయటికి తీసి, రొట్టె అడుగున వేలితో కొట్టి చూసేది. డొల్లగా మోగితే లోపల ఉడికినట్టు. చల్లారేటప్పుడు రొట్టె పైపెంకు చిటపటమని చిట్లేది. ఆవిడ పీట వేసుకుని కూర్చుని ఆ చప్పుడు చివరిదాకా వినేది, ఎందుకంటే అది ఆగిపోయాక ఇంట్లో ఇంకే చప్పుడూ ఉండేది కాదు.

ఒక్క మనిషికి అంత రొట్టె ఎంతకని అవుతుంది? నాలుగు రోజులు తినేది. మిగిలింది రాయిలా గట్టిపడేది. దాన్ని దంచి కాలవలో బాతులకి వేసేది. పక్కింటి గడపకి మాత్రం ఒక్క ముక్క చేరేది కాదు. గడ్డివామి దగ్గర కుక్క తను తినదు, ఆవుని తిననివ్వదు అంటారు. మన మరియరత్నం అంతకంటే ఒకడుగు ముందుకి వేసింది: తను తినగా మిగిలింది బాతులకి పెట్టేది గానీ మనుషులకి పెట్టేది కాదు.

పక్కింట్లో సలోమి ఉండేది. ముప్పై ఏళ్ల మనిషి, గలగలా మాట్లాడుతుంది. పొద్దున్నే లాకుల దగ్గర బల్ల వేసి అట్లు పోసి అమ్మేది. భర్త కొబ్బరికాయల లారీ తోలేవాడు. గురువారం వచ్చిందంటే చాలు, గోడ మీంచి వచ్చే వాసనకి సలోమి చేతిలో గరిటె ఆగిపోయేది. ఒక గురువారం ఉండబట్టలేక గోడ దగ్గరికి వచ్చింది.

"పిన్నిగారండీ, ఏం రొట్టెండీ అది? వీధంతా కమ్మగా వాసనేసేత్తందండీ."

"ఇటలీ రొట్టె" అంది మరియరత్నం.

"ఎలా చేత్తారో నాకూ నేర్పండీ. పిండికి ఏదో పులుపుముద్ద కలుపుతారంటగా, అది గోరంత పెట్టండి చాలు. నేనూ పెంచుకుంటాను."

మరియరత్నం ముఖం ముడుచుకుపోయింది. నోన్నా తన చేతిలో పెట్టిన ప్రాణం అది. పదిహేడేళ్ల చాకిరీకి ఆవిడకి నిజంగా మిగిలింది అదొక్కటే. దాన్ని పక్కింటికి ఇచ్చేస్తే ఇక తనదంటూ ఏముంటుంది? తనలాంటి మనిషి వీధికొకరు తయారైతే తనెవరు?

"ఇది అట్లపిండి కాదమ్మాయ్" అంది. "అట్లు పోసుకునే చేతికి ఇది అబ్బదు. తన్నుమాలిన ధర్మం మొదలు చెడ్డ బేరమన్నారు. నీ పని నువ్వు చూసుకో."

"ఆయ్, అలాగేనండి" అంది సలోమి. ఆ మాట నవ్వుతూనే అంది గానీ, వెనక్కి తిరిగేటప్పటికి నవ్వు లేదు. ఆ రోజునుంచి మరియరత్నం వంటింటి తలుపు మూసి పిండి కలిపేది. సీసాకి గుడ్డ చుట్టి ఫ్రిజ్‌లో వెనక్కి నెట్టేది.

అలా ఏడాది గడిచింది. వానాకాలం మొదట్లో మరియరత్నానికి జ్వరం వచ్చింది. మూడు రోజులు ఎవరికీ చెప్పకుండా దుప్పటి కప్పుకుని పడుకుంది. నాలుగో రోజు గురువారం. గోడ మీంచి రొట్టె వాసన రాలేదేమిటా అని సలోమి వచ్చి తలుపు కొట్టింది. ఒళ్లు పట్టుకుని చూసి హడలిపోయింది. వెంటనే ఆటో పిలిచి అమలాపురం ఆసుపత్రికి తీసుకెళ్లింది. డెంగ్యూ అన్నారు, పది రోజులు ఉండాలన్నారు.

బట్టలు తేవాలి, ఆధార్ కార్డు తేవాలి. ఇంటి తాళంచెవి ఇవ్వక తప్పలేదు. ఇస్తూ మరియరత్నం ఒక్క మాటే అంది. "ఫ్రిజ్ జోలికి మాత్రం వెళ్లకు."

ఎందుకో చెప్పలేదు.

ఆసుపత్రిలో అటుపక్క మంచం చుట్టూ ఐదుగురు మనుషులు. ఇటుపక్క మంచానికి పూటకొక క్యారియర్ వచ్చేది. మధ్యలో మరియరత్నం పైన తిరిగే ఫ్యాను రెక్కలు లెక్కపెట్టుకుంటూ పడుకునేది. ఆవిడ కోసం వచ్చేది సలోమి ఒక్కతే. అట్లబల్ల ఎత్తేసి, బస్సెక్కి, ఇడ్లీలు పట్టుకుని రెండు రోజులకోసారి వచ్చేది.

ఒకరోజు సలోమి వెళ్లబోతూ అడిగింది. "పిన్నిగారండీ, ఇంట్లో ఏమన్నా సూసుకోవాలాండీ? మొక్కా, కోడీ, ఇంకేమన్నా? సెప్పండి, ఏం మొహమాటం పడకండి."

మరియరత్నం మనసు ఒక్కసారిగా సీసా మీదికి పోయింది. దానికి తిండి పెట్టి వారం కావస్తోంది. రెండు చెంచాల పిండి, రెండు చెంచాల నీళ్లు. అంతే. నోటిదాకా వచ్చింది మాట. కానీ చెబితే ఇదీ సీసా, ఇదీ ముద్ద, ఇలా పెంచాలి అని అంతా చెప్పాలి. చెబితే ఆ విద్య సగం చేతులు మారినట్టే. ఫ్రిజ్ చల్లదనానికి ఇంకో నాలుగు రోజులు ఆగుతుందిలే అని తనకి తనే సర్దిచెప్పుకుంది.

"ఏం లేదు" అంది.

"ఆయ్" అని సలోమి వెళ్లిపోయింది.

ఆ మర్నాడు రాజోలులో పెద్ద గాలివాన. స్తంభాలు పడిపోయి రెండు రోజులు కరెంటు లేదు. సలోమి పిన్నిగారి ఇల్లు ఊడుద్దామని వెళితే, ఫ్రిజ్ కింద నీళ్లు మడుగు కట్టాయి. లోపలినుంచి చేపల కంపు. ముట్టుకోవద్దన్నారే అని కాసేపు తటపటాయించింది. చూస్తూ చూస్తూ అలా వదిలేయడానికి మనసొప్పక తలుపు తీసింది. కుళ్లిన చేపలు తీసి పారేసింది. విరిగిన పాలు పారబోసింది. వెనకాల గుడ్డ చుట్టిన సీసా కనిపించింది. మూత తన్నుకుని, తెల్లటి పిండి నురగలు కక్కుతూ కారుతోంది.

"అయ్యో, అట్లపిండి పొంగిపోతంది!" అంది సలోమి.

ఆమె తప్పేముంది? పొద్దున లేస్తే పిండి గిన్నెలతోనే బతికే మనిషి. పుల్లటి వాసన, బుడగలు, తెల్లటి పిండి, అది అట్లపిండి కాక ఇంకేమవుతుంది? పారబోయడానికి చేతులు రాలేదు. అన్నాన్ని పారేస్తే పాపమని ఆమెకి అమ్మ నేర్పింది. ఇంటికి తీసుకెళ్లి, ఉల్లిపాయలూ పచ్చిమిరపకాయలూ తరిగి కలిపి, అట్లు పోసి ఇంటిల్లిపాదికీ పెట్టింది. పిన్నిగారు వచ్చేసరికి శుభ్రంగా ఉండాలని సీసాని సబ్బుపెట్టి తోమి, ఎండలో ఆరబెట్టి, మళ్లీ ఫ్రిజ్‌లో పెట్టింది.

పదకొండో రోజు మరియరత్నం ఇంటికి వచ్చింది. నడుస్తుంటే కాళ్లు తేలిపోతున్నాయి. అయినా చెప్పులు విప్పకుండా ముందు ఫ్రిజ్ దగ్గరికే వెళ్లింది. లోపల తళతళలాడే ఖాళీ సీసా ఉంది.

"ఎలా తోమేనో సూసేరా పిన్నిగారండీ?" అంది వెనకనుంచి సలోమి సంబరంగా. "అట్లపిండి పొంగిపోతంటే పాడైపోద్దని అట్లు పోసేసేనండి. మా అత్త రెండు ఎక్కువే తినేసిందండి."

మరియరత్నం ఆ ఖాళీ సీసాని బయటికి లాగింది. "అది అట్లపిండా? నా ప్రాణమే అది! నిన్నెవరు ముట్టుకోమన్నారు? వెళ్లకు అన్నానా లేదా?" అని అరిచింది. జ్వరం తగ్గిన గొంతు, అరుపు సగంలోనే విరిగిపోయింది.

సలోమి బిత్తరపోయింది. నెమ్మదిగా అంది. "నాకేం తెలుసండి? ఆసుపత్రిలో ఏమన్నా సూసుకోవాలా అని అడిగితే ఏం లేదన్నారు. అంతకుముందు కొంచెం పెట్టమంటే పెట్టలేదు. నేను దాన్ని ఎప్పుడు సూసేనని, అది అట్లపిండి కాదని తెలవడానికి?"

సలోమి తాళంచెవి బల్ల మీద పెట్టి వెళ్లిపోయింది.

తర్వాత వచ్చిన గురువారం ఆ ఇంట్లో పొయ్యి వెలగలేదు. మరియరత్నం బేకరీకి వెళ్లి రొట్టె కొనుక్కుని వచ్చింది. తియ్యటి ఆ ముక్కని సగం తిని పక్కన పెట్టేసింది. ఖాళీ సీసాని ఎదురుగా పెట్టుకుని కూర్చుంది. పలకరించడానికి అందులో ఏమీ లేదు. చేతులు కాలాక ఆకులు పట్టుకుంటే ఏం లాభం? రెండు చెంచాల పిండి గురించి ఒక్క మాట చెప్పి ఉంటే సరిపోయేది. గోరంత ముద్ద పక్కింట్లో ఉన్నా సరిపోయేది. ఆవిడ ఏడ్చింది. ఈసారి ఏడ్చింది పిండి కోసమే కాదు. తను చచ్చిపోయినా ఇంతే కదా, ఒక సీసా తోమినట్టు ఇల్లు తోమేస్తారు, ఏమీ మిగలదు అనిపించి ఏడ్చింది.

మర్నాడు పొద్దున గోడ మీంచి ఒక పళ్లెం వచ్చింది. రెండు అట్లు, పక్కన కొబ్బరి పచ్చడి. వెనకాలే సలోమి ముఖం కనిపించింది.

"జ్వరం పడి లేచిన మనిషి, ఏం తిన్నారో ఏమో. కోపం నా మీద గానీ అట్టు మీద కాదు కదండీ. తినండి" అంది.

మరియరత్నం సిగ్గుపడుతూ పళ్లెం అందుకుంది. ఒక ముక్క తుంచి నోట్లో పెట్టుకుంది. నమలడం ఆగిపోయింది. ఆ పులుపు మినప్పిండి పులుపు కాదు. అది నోన్నా వంటింటి పులుపు. మరో ముక్క తుంచి, ఎత్తి వెలుతురుకి పెట్టి చూసింది. చిన్న చిన్న కన్నాలు జల్లెడలా ఉన్నాయి.

"సలోమీ, ఈ పిండిలో ఏం కలిపావు?"

"ఏం కలుపుతానండి? బియ్యం, మినప్పప్పు. అవునుగానీ, ఆ రోజునుంచీ అట్లు భలే కన్నాలు పడుతున్నాయండి. లాకుల కాడ అందరూ అడుగుతున్నారు, ఏం మందేసేవు అని."

"ఏ రోజునుంచి?"

"అదేనండి, మీ పిండి అట్లేసిన రోజునుంచీ. అంతా పోసేయలేదు కదండీ. ఎప్పుడూ ఓ గరిటెడు పాత పిండి ఉంచి కొత్త పిండిలో కలుపుతాను కదా, తొందరగా పులవడానికి. మా అమ్మా అంతే, మా అమ్మమ్మా అంతే. ఆ రోజు మీ పిండి గరిటెడు కలిపేను. మర్నాడు ఆ పిండిలోంచి ఓ గరిటెడు. అలా రోజూ కలుపుతానే ఉన్నానండి."

పోయిందనుకున్న ప్రాణం గోడకి అవతల, ఒక అట్లగిన్నెలో, రోజూ తిండి తింటూ బతికే ఉంది. తను ఎవరి చేతికి అబ్బదని అందో ఆ చెయ్యే దాన్ని సాకింది.

ఇప్పుడు అడగాలి. ఏడాది కిందట ఇదే గోడ దగ్గర గోరంత ఇవ్వనన్న మనిషి, ఇప్పుడు చెయ్యి చాపాలి. అడగందే అమ్మయినా పెట్టదంటారు. ఆవిడ తల దించుకుని అంది. "నాకు... ఒక్క గరిటెడు ఇస్తావా అమ్మా?"

గోరంత అడిగితే తనేమందో సలోమికి గుర్తు లేకుండా ఉంటుందా? ఆ మాట ఇప్పుడు తిప్పి అంటుందని మరియరత్నం ఎదురుచూసింది. అంటే పడదామనే నిలబడింది.

"దానికేం భాగ్యమండీ?" అంది సలోమి. "గరిటెడేంటి, గిన్నె తెండి, గిన్నెడు పోత్తాను!"

ఆ మాట మరియరత్నానికి చెంపదెబ్బ కంటే గట్టిగా తగిలింది. లోపలికి వెళ్లి గిన్నె తెచ్చింది.

ఆ పిండిలో ఒక చెంచా తీసి మైదా కలిపింది, నీళ్లు పోసింది. రోజూ కొంత తీసేసి కొత్త మైదా పెట్టింది. మొదటి మూడు రోజులు ఉలుకూ పలుకూ లేదు. నాలుగో రోజు రెండు బుడగలు వేసింది. తొమ్మిదో రోజు సీసా మూతని తన్నింది. ఆ తర్వాతి గురువారం పొయ్యి మళ్లీ వెలిగింది. రొట్టె అడుగున వేలితో కొడితే డొల్లగా మోగింది. అయితే రుచి అచ్చం పాతదిలా లేదు. ఎక్కడో వెనకాల కాస్త మినప వాసన ఉంది. అది నోన్నా రొట్టే గానీ రాజోలు నీళ్లు తాగిన నోన్నా రొట్టె. మరియరత్నానికి అదే బాగుందనిపించింది.

రొట్టె చిటపటలు పూర్తిగా ఆగకముందే సగానికి కోసి, ఒక సగం పట్టుకుని, ఇంకో చేత్తో పిండిముద్ద గిన్నె పట్టుకుని పక్కింటి గడప ఎక్కింది.

"ఇదిగో, దీనికి రోజూ రెండు చెంచాల పిండి, రెండు చెంచాల నీళ్లు" అంది. "బుధవారం మా ఇంటికి రా, కలపడం నేర్పుతాను. చేతులు కడుక్కుని రా."

"ఆయ్!" అంది సలోమి. ఆ బుధవారం మరియరత్నం ఆమె చేతుల మీద తన చేతులు వేసి, తడిపిండిని ఎలా మడవాలో చూపించింది. వంటింటి తలుపు బార్లా తీసే ఉంది.

ఆ తర్వాత వీధిలో అడిగిన ఇంకో ఇద్దరికి కూడా ఆవిడ గిన్నెలు పట్టుకెళ్లింది. వెళుతూ వెళుతూ కాలవగట్టు మీద ఒక్క క్షణం ఆగిపోయింది. పదిహేడేళ్లు గిన్నెలు మోస్తూ ఎక్కిన ఆ మెట్లు గుర్తొచ్చాయి. ముసలావిడకి అంత చాకిరీ ఎందుకో, తను తిరిగివచ్చేసే రోజు ఆవిడ ఏడుస్తూ చెప్పబోయిన మాట ఏమై ఉంటుందో అప్పుడు తెలిసింది. మరుసటి వేసవిలో, కరెంటు పోయి ఫ్రిజ్ ఆగిపోవడంతో, ఎండదెబ్బకి మరియరత్నం సీసాలో ముద్ద పాడైంది. ఈసారి ఆవిడ ఏడవలేదు. ఖాళీ గిన్నె పట్టుకుని గోడ దగ్గరికి వెళ్లి "సలోమీ!" అని కేకేసింది. బాతులకి మాత్రం కాస్త నష్టమే జరిగింది, ఎందుకంటే ఆ ఇంట్లో ఇప్పుడు రొట్టె మిగలడం లేదు.

నీతి: ఒక్కరమే దాచుకున్నది మనతోనే పోతుంది, పదిమందికీ పంచినది, మన చేతిలోంచి జారిపోయినా, ఏదో ఒక గడప నుంచి మళ్లీ మన ఇంటికి వస్తుంది.